ఆవం మీద మా అత్త ముఖం

లెఖాయోన్ రేవు దారిలో ఉన్న సముద్రదేవుడు పొసేయిదోన్ గుడికి కొత్త కప్పు వేయాలని ఆ ఏడు పెద్దలు తీర్మానించారు. పాత కప్పు చలికాలం గాలివానకు పోయింది. దేవుడి ఊరేగింపు రోజు లోపల పని పూర్తి కావాలని షరతు పెట్టారు. పెంకుల పని మా కుమ్మరివాడలో ఫ్లెబోన్ మేస్త్రీకి వచ్చింది. నేను ఆయన దగ్గర రంగు పూసే పని చేసేదాన్ని. నా భర్త ఒనుమోన్ అక్కడే అచ్చులు చేసేవాడు.

మాట చూరుముఖాల దగ్గర వచ్చింది. పెంకుల వరుస చూరు దగ్గర తెరుచుకుని ఉంటే వాన లోపలికి కొడుతుంది, పిచ్చుకలు గూళ్ళు పెడతాయి. అందుకని ప్రతి వరుస చివరా ఒక మట్టి ముఖాన్ని మూతలా పెడతారు. మామూలుగా నాలుక బయటపెట్టిన గోర్గోన్ రాక్షసి ముఖం పెడతారు, లేదంటే సింహం. ఈసారి గుడి పెద్ద దెక్సియాస్ ఐథియోపుల ముఖాలు, అంటే దక్షిణాది నల్లవాళ్ళ ముఖాలు, కావాలన్నాడు. పొసేయిదోన్ విందుకు వెళ్ళేది ఐథియోపుల దేశానికేనని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. దేవుడికి అన్నం పెట్టినవాళ్ళు దేవుడి చూరు మీద ఉండాలని ఆయన అన్నాడు. ఆ రోజు ఆయన అన్న మాట అదే.

ఫ్లెబోన్ నా భర్త వైపు తిరిగాడు.

"ఇంకెక్కడో వెతకడం దేనికి? సరుకు మీ ఇంట్లోనే ఉందిగా."

సరుకు అంటే మా అత్త. ఆమె పేరు కడిమలో.

ఆమెది ఈజిప్టుకు ఎగువన, నది పుట్టే వైపు ఉన్న దేశం. మా మామ సోర్దిస్ నూనె బుడ్లు ఎగుమతి చేసే ఓడలో ఈజిప్టు రేవుకు వెళ్ళేవాడు. ఒక ఏడు ఆమెతో తిరిగివచ్చాడు. ఆయన పోయాక ఆమె ఇంటి వెనక పొయ్యి పెట్టుకుని బార్లీ రొట్టెలు కాల్చి, మధ్యాహ్నం పూట కుమ్మరి ఆవాల దగ్గర అమ్మేది. వాడలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. రొట్టెలమ్మ అనేవాళ్ళు. మంత్రసాని సమయానికి రాకపోతే పురుళ్ళకు కూడా ఆమెనే పిలిచేవాళ్ళు.

ఒనుమోన్ అడిగితే ఆమె మొదట ఒప్పుకోలేదు.

"నా మొహం దేనికిరా? వయసులో ఉన్న పిల్లని చూసుకో."

"దేవుడి గుడికమ్మా."

"గుడికైతే మీ నాన్న మొహం పెట్టు. గుళ్ళ పిచ్చి ఆయనకే."

"నాన్న ఐథియోపు కాదుగా."

"నన్ను తెచ్చుకున్న రోజు నుంచీ మీ ఊరివాళ్ళు ఆయన్నీ అలాగే చూశార్లే."

రెండు రోజులు బతిమాలాక పొయ్యి పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. ఒనుమోన్ మట్టి ముద్ద ముందు పెట్టుకున్నాడు. అతను పని మొదలుపెట్టే ముందు ఆమె ఒక మాట అడిగింది.

"నోరు మూసి చెయ్యి."

"మూసే చేస్తానమ్మా."

"మా దేశంలో గుడి గోడల మీద రాణుల బొమ్మలుంటాయి. చిన్నప్పుడు మా అమ్మ చూపించింది. ఒక్కదానికీ నోరు తెరుచుకుని ఉండదు. మీవాళ్ళు చూరు మీద దేన్ని పెట్టినా నోరు తెరిపిస్తారు. నాలుకో, పళ్ళో బయటపెడతారు. నాకలా వద్దు."

"అవి రాక్షసులు కదత్తమ్మా" అన్నాను నేను.

"అదే చెప్తున్నా."

ఒనుమోన్ పని వాడలో అందరికీ తెలుసు. చూసినది చూసినట్టు చేస్తాడు. మా అత్త నుదురు, కణతల దగ్గర బిగిసిన జుట్టు ఉంగరాలు, రెండు బుగ్గల మీదా ఉన్న సన్నటి గాట్లు, మూసిన పెదాలు, అన్నీ మట్టిలోకి వచ్చాయి. ఆ ముఖం నుంచి అచ్చు తీశాడు. అచ్చు కాల్చాడు. అచ్చులో మట్టి అదిమి తీసిన మొదటి ముఖం ఆరాక ఇంటికి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. మట్టి ఆరితే కుదించుకుపోతుంది. ఆమె దాన్ని చేతిలో తిప్పి చూసింది.

"నన్ను చిన్నపిల్లని చేశావు" అంది.

కానీ ఆ సాయంత్రం దాన్ని తిరిగి ఇవ్వలేదు. మర్నాడు పొద్దున నేను అడిగితే, పిండి చల్లిన గుడ్డలో చుట్టి ఇచ్చింది.

పూత నేను వేశాను. ముఖానికి నలుపు, పెదాలకు ఎరుపు. కళ్ళలో తెలుపుకు మా ఊరి తెల్లమట్టి రంగే సరిపోతుంది, అక్కడ పూత వేయకుండా వదిలేస్తే చాలు. ఫ్లెబోన్ వచ్చి నా భుజం మీంచి చూశాడు.

"నేల మీంచి చూసేవాడికి ఇది ఏం కనబడుతుంది? పెదాలు ఇంకా లావు చెయ్యాలి. పళ్ళు పెట్టాలి. అప్పుడు ఐథియోపని తెలుస్తుంది."

"నల్లగా ఉందిగా మేస్త్రీ, అప్పటికీ తెలియదా?" అన్నాడు ఒనుమోన్.

"నలుపంటే నీడనుకుంటారు."

"అనుకోనీ."

దెక్సియాస్ వచ్చి చూసి సరే అన్నాడు కాబట్టి ఫ్లెబోన్ ఊరుకున్నాడు. చూరుకు కావలసినన్ని ముఖాలు అదిమాం. ఒకే ఆవంలో కాల్చాం. అన్నీ బాగానే వచ్చాయి, ఒక్కటి తప్ప. అది మంట గోడకు దగ్గరగా పడింది. వేడికి కింది పెదవి నుంచి బుగ్గ దాకా చీలింది. ఒక కన్ను ఉబ్బింది. ముక్కు మీద పొక్కు లేచింది. ఒనుమోన్ దాన్ని పగిలిన పెంకుల దిబ్బ మీద పారేశాడు. మిగతావాటిని కొట్టులో గడ్డి వేసి పేర్చాం. కప్పు పెంకులు ఇంకా కాల్చాల్సి ఉంది. అవి అయ్యాక అన్నీ కలిపి బండి మీద పంపాలి.

మా వాడలో ప్రతి ఆవం నోటి మీదా ఒక దిష్టిబొమ్మ ఉంటుంది. నవ్వు పుట్టించేదిగా ఉండాలి. ఆవం అంటించే ముందు పనివాళ్ళంతా దాని ముందు నిలబడి, పైకి చూసి, గట్టిగా నవ్వాలి. కుండ మీద కన్ను వేసినవాడి కన్ను ఆ నవ్వుకు చెదిరిపోతుంది. లోపల కుండ పగలదు. నవ్వకుండా మా వాడలో ఎవరూ నిప్పు పెట్టరు. ఫ్లెబోన్ దగ్గర ఆవం కాల్చే ఇగ్రోన్ వాళ్ళ తాత అలా పెట్టబట్టే ఆవం కప్పు కూలి చనిపోయాడని చెప్పుకుంటారు. ఉత్త మొరటు నమ్మకమని బయటివాళ్ళు అనవచ్చు. నేను ఆ వాడలోనే పుట్టాను. నేనూ నవ్వేదాన్ని.

ఫ్లెబోన్ ఆవం మీద అంతవరకూ ఉన్నది ఒక గూనివాడి బొమ్మ. ఏళ్ళ తరబడి పొగకు, వానకు ముఖం అరిగిపోయింది. దాన్ని చూస్తే ఎవరికీ నవ్వు రావడం లేదు. ఇగ్రోన్ పెంకుల దిబ్బ మీదికి వెళ్ళి, పారేసిన ముఖం తెచ్చి, గూనివాడిని దించి దీన్ని ఎక్కించాడు.

పనివాళ్ళు పడి పడి నవ్వారు. ఆ రోజు అంటించిన ఆవంలో కప్పు పెంకులు ఒక్కటి కూడా పగలకుండా వచ్చాయి. అలా రావడం అరుదు. మా నాన్న కాలంలో ఒకసారి వచ్చిందట.

మర్నాడే పై వరుసలో ఆవం ఉన్న లోక్రిస్ తడిమట్టి పట్టుకొచ్చాడు. ఆ ముఖం మీద అదిమి అచ్చు తీసుకున్నాడు. లోక్రిస్ దాన్నుంచి ఇంకొకరు, వాళ్ళ దాన్నుంచి మరొకరు తీసుకున్నారు. ద్రాక్ష పూత రాలే లోపల వాడలో ప్రతి ఆవం మీదా అదే ముఖం ఉంది. ఎవరికి వాళ్ళు కొంత చేర్చారు. ఒకరు చీలికలో పళ్ళు పెట్టారు. ఒకరు నాలుక పెట్టారు. ఒకరు చెవికి ఎద్దుకు కట్టే గంట కట్టారు. ఆ చీలిక మా అత్త ముఖంలో లేదు, ఆవం చేసింది. కానీ అచ్చు తీసేవాడికి ముఖమూ చీలికా ఒకటే. నుదురు ఆమెదే. బుగ్గల మీద గాట్లు ఆమెవే. కింద మాత్రం వెర్రి నోరు.

ఇక మా అత్త చూసిన రోజు. మధ్యాహ్నం గంపతో వచ్చింది. ఇగ్రోన్ చేతులు కడుక్కుంటున్నాడు. అతనికి ఆమె అంటే ఇష్టమే. ఇష్టం కొద్దీ అన్నాడు.

"రొట్టెలమ్మా, పైకి చూడు. మీ చుట్టం వచ్చాడు."

ఆమె పైకి చూసింది. పనివాళ్ళు ఆమె ముఖం చూస్తూ ఎదురుచూశారు, నవ్వుతుందని. ఆమె గంప దించి అందరికీ రొట్టెలు ఇచ్చింది. ఎవరినీ దాటెయ్యలేదు. జున్ను ముక్క అడిగినవాడికి జున్ను ఇచ్చింది. గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లో అడిగింది.

"ఎవరి మొహంరా అది?"

ఒనుమోన్ చెప్పులు విప్పుతున్నాడు. తల ఎత్తలేదు.

"పగిలిపోయిందమ్మా. పారేశాను."

"పారేసింది అంత ఎత్తుకి ఎలా ఎక్కింది? కాళ్ళొచ్చాయా?"

"రేపు మాట్లాడతాను."

"వాడెవడో మా చుట్టం అన్నాడు. చుట్టం కాదు, నేనే అని చెప్పలేదా నువ్వు?"

ఒనుమోన్ చెప్పులు గోడ దగ్గర పెట్టాడు. చెప్పాడో లేదో నాకు తెలుసు. చెప్పలేదు.

మర్నాడు ఫ్లెబోన్‌ను అడిగాడు. నేను పక్కనే ఉన్నాను.

"దాన్ని దించండి మేస్త్రీ."

"దేన్ని?"

"మా అమ్మని."

"అది మీ అమ్మేంటయ్యా? మట్టి."

"గుడి మీద పెట్టేటప్పుడు మా అమ్మ. మీ ఆవం మీద పెడితే మట్టా?"

"దించాక ఆవం కూలితే లోపల ఎవడు పడుకుంటాడు? నువ్వా?"

ఇగ్రోన్ మధ్యలోకి వచ్చాడు. "ఒనుమోనూ, కోపం తెచ్చుకోకు. అది మా ప్రాణాలు కాసే బొమ్మ. గౌరవంగానే పెట్టాం."

"గౌరవంగా నవ్వుతున్నారా?" అన్నాను నేను.

"నవ్వకపోతే పని చెయ్యదు కదమ్మా మిర్తో. నీకు తెలియదా?"

నాకు తెలుసు. అందుకే ఒళ్ళు మండింది. వాళ్ళు చెడ్డవాళ్ళయి ఉంటే పని సులువుగా ఉండేది.

కొన్నాళ్ళకు దెక్సియాస్ పని చూడడానికి వచ్చాడు. కొట్టులోకి వెళ్ళి పేర్చిన ముఖాలు చూశాడు. బయటికి వచ్చి ఆవం మీద ముఖం చూశాడు. నవ్వాడు. వాడలో పై వరుస దాకా నడిచి వెళ్ళి అన్ని ఆవాలూ చూసి, నవ్వుతూనే తిరిగి వచ్చాడు.

"ఇదే కావాలి గుడికి" అన్నాడు.

"ఏది?" అన్నాడు ఒనుమోన్.

"ఇదేనయ్యా. జనం దీన్ని ఎరుగుదురు. రేవు దిగి వచ్చేవాడు చూరు వైపు చూడగానే నవ్వుతాడు. గుడికి ఎవడి దిష్టీ తగలదు."

"కొట్టులో ఉన్నవి మీరు ఒప్పుకున్నవే."

"అవీ బాగున్నాయి. కాదనను. కానీ వాటి ముందు నిలబడితే అవే మనల్ని చూస్తున్నట్టుంది. గుడికి వచ్చినవాడికి అలా అనిపించకూడదు."

దేవుడికి అన్నం పెట్టినవాళ్ళు అన్న మాట ఆ రోజు ఆయన ఎత్తలేదు. నేను గుర్తు చేశాను. "పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారు తల్లీ" అన్నాడు.

ఒనుమోన్ ఆ పని చెయ్యనన్నాడు. ఫ్లెబోన్ పెద్దగా పట్టించుకోలేదు. లోక్రిస్ అచ్చు తెప్పించి వేరేవాళ్ళ చేత అదిమించాడు. పళ్ళున్న అచ్చు అది. ముఖాలు ఎండకు పెట్టారు. పూత వేయమని నన్ను పిలిస్తే నేనూ వెళ్ళలేదు. పూత కూడా వాళ్ళే వేసుకున్నారు, పెదాలు దాటి గడ్డం దాకా ఎరుపు పూశారు. కొట్టులో ఉన్నవాటిని ఊరేగింపు అయ్యాక దంచి మట్టిలో కలుపుతామన్నాడు ఫ్లెబోన్.

ఊరేగింపు దగ్గర పడింది. గుడి దగ్గర వడ్రంగులు దూలాలు ఎక్కించి కూర్చున్నారు. ఆవం అంటిస్తే కాలడానికి, తర్వాత చల్లారడానికి రోజులు పడతాయి. ఫ్లెబోన్ ముహూర్తం పెట్టిన పొద్దున అంటిస్తేనే సమయానికి అందుతాయి, ఒక రోజు ఆలస్యమైనా అందవు. ఆ సంగతి వాడలో అందరికీ తెలుసు. మా ఇంట్లో కూడా.

ముందు రోజు ఒనుమోన్ పక్క ఊరు సిక్యోన్‌కు వెళ్ళిపోదామన్నాడు.

"అక్కడ నాకు బాబాయి వరసాయన ఉన్నాడు. అచ్చుల పని దొరుకుతుంది. అమ్మా, నువ్వూ రా."

"అక్కడ ఆవాలు లేవా?" అంది మా అత్త. పిండి కలుపుతూనే ఉంది.

"ఉంటాయి."

"ఆవాల మీద ఏం పెడతారు?"

ఒనుమోన్ గోడ వైపు తిరిగాడు. ఆమె నన్ను అడిగింది. "రేపు నిప్పు ఎప్పుడు పెడతారమ్మాయ్?"

"ఎండ ఎక్కకముందే."

"సరే" అంది.

పొద్దున పనివాళ్ళంతా ఆవం ముందు చేరారు. లోపల ముఖాలు పేర్చి తలుపు దగ్గర ఇటుకలు కట్టేశారు. ఎండు పుల్లలు, ఆలివ్ గింజల పొట్టు పోగేసి ఉన్నాయి. ఇగ్రోన్ చేతిలో కాగడా ఉంది. నేనూ ఒనుమోనూ దూరంగా గోడ దగ్గర నిలబడ్డాం. మా అత్త గంపతో వచ్చింది. ఆ వేళకు ఆమె ఎప్పుడూ రాదు. గంప కింద పెట్టి, పనివాళ్ళ మధ్య నుంచి నడిచి, ఆవం నోటి ముందుకు వెళ్ళి వాళ్ళ వైపు తిరిగి నిలబడింది. దిష్టిముఖం సరిగ్గా ఆమె తల పైన ఉంది. అందరికీ రెండు ముఖాలూ ఒకేసారి కనబడుతున్నాయి.

"ఊఁ. నవ్వండి" అంది.

ఎవరూ కదల్లేదు.

"రొట్టెలమ్మా, పక్కకి జరుగు. నిప్పు పెట్టాలి" అన్నాడు ఇగ్రోన్.

"పెట్టు. ముందు నవ్వాలిగా? నవ్వండి."

వెనక వరుసలో ఒకడు కిసుక్కుమన్నాడు. ఆమె అతన్ని వెతికి పట్టుకుంది.

"నువ్వా? నీ పెళ్ళాం పురిటికి ఎవరొచ్చారురా? మీ అమ్మ కాళ్ళు పట్టుకుంటే వచ్చాను. నీ కూతురు కళ్ళు తెరిచి ముందు చూసింది ఈ మొహమే. అది ఏడ్చింది గానీ నవ్వలేదు. నీకెందుకొస్తోంది నవ్వు? ముందుకొచ్చి నవ్వు."

అతను ముందుకు రాలేదు.

"ఇగ్రోనూ, నువ్వు చెప్పు. నిన్న నా చేతి రొట్టె తిన్నావు. మొన్నా తిన్నావు. పైకి చూస్తే నవ్వొస్తుంది, కిందకి చూస్తే ఆకలేస్తుందా నీకు?"

"ఆ బొమ్మ వేరు, నువ్వు వేరు పెద్దమ్మా."

"వేరా? తేడా చూపించు. ముక్కు ఎవరిది?"

ఇగ్రోన్ పైకి చూశాడు. "ముక్కు నీదే."

"ఈ గాట్లు?"

"నీవే."

"నోరు?"

"నోరు పగిలింది పెద్దమ్మా. నిప్పు పగలగొట్టింది."

"నిప్పు ఒక్కదాన్ని పగలగొట్టింది. వాడంతా ఉన్నవాటిని ఎవరు పగలగొట్టారు? పళ్ళు నిప్పు పెట్టిందా? గంట నిప్పు కట్టిందా? చెప్పరేం? మీకు నవ్వు కావాలి, పారేసిన దాంట్లో దొరికింది. అది ఎవరిదో తెలుసు. తెలిసే నవ్వారు. మరి ఇప్పుడు నవ్వడానికేం రోగం?"

ఫ్లెబోన్ కొట్టులోంచి వచ్చాడు. "ఏంటిది? ఎందుకు ఆపారు?"

"ఎవరూ ఆపలేదు మేస్త్రీ" అంది మా అత్త. "నవ్వమంటున్నా. నవ్వట్లేదు."

"నవ్వండ్రా!" అని ఫ్లెబోన్ అరిచాడు. ఎవరూ నవ్వలేదు. తానే పైకి చూసి నవ్వాడు. దగ్గు వచ్చినట్టుంది. ఇంకోసారి నవ్వాడు. తర్వాత ఇగ్రోన్ చేతిలో కాగడా లాక్కోబోయాడు. ఇగ్రోన్ వదల్లేదు.

"మేస్త్రీ, అది నవ్వు కాదు. దానికి నేను నిప్పు పెట్టను."

"నువ్వు పెట్టకపోతే నేను పెడతా."

"పెట్టండి. సాయంత్రం దాకా పుల్లలు ఎవరు వేస్తారో చూసుకోండి."

ఇగ్రోన్ కాగడాను మట్టిలో గుచ్చి ఆర్పాడు. అతనికి మా అత్త మీద జాలి కలిగిందని నేను అనుకోను. భయపడ్డాడు. మిగతావాళ్ళూ భయపడ్డారు. ఒక్కొక్కరే వెళ్ళి పెంకుల దిబ్బ నీడలో కూర్చున్నారు.

"సరే, దించెయ్ దాన్ని" అన్నాడు ఫ్లెబోన్. "పాత గూనివాణ్ణి ఎక్కించు. నిచ్చెన తీసుకురా."

"దించొద్దు" అంది మా అత్త.

ఫ్లెబోన్‌కు చిర్రెత్తింది. "దించమన్నది మీరేగా!"

"దించమన్నది నా కొడుకు. నేను అనలేదు. దించితే ఏం చేస్తావు? వెనక్కి దాస్తావు. నేను ఇంటికెళ్ళాక మళ్ళీ ఎక్కిస్తావు. లోపల పేర్చినవాటిని ఏం చేస్తావు? గుడికెక్కిస్తావు. ఇప్పుడు నవ్వలేని మొహాన్ని అక్కడ ఎక్కించి ఊరంతటిచేత నవ్విస్తావా? ఉండనీ. నేనూ ఇక్కడే ఉంటా."

"అమ్మా, ఇంటికెళ్దాం" అన్నాడు ఒనుమోన్.

"నువ్వెళ్ళు. నీకు ఇక్కడ పనేం లేదు."

ఎండ ఎక్కింది. ఆమె కదల్లేదు. నేను నీళ్ళు పట్టుకెళ్ళి ఇస్తే తాగింది. గంపలో రొట్టెలు అలాగే ఉన్నాయి. ఎవరూ అడగలేదు. ఫ్లెబోన్ మనిషిని పంపితే దెక్సియాస్ వచ్చాడు. గుర్రం దిగకముందే సంగతి విన్నాడు. పైన ముఖం చూశాడు, కింద ఆమెను చూశాడు. ఆమెను ఆయన అంతకుముందు ఎప్పుడూ చూసి ఉండడు.

"అమ్మా, ఇది దేవుడి పని. అడ్డం రావడం మంచిది కాదు."

"అడ్డం రాలేదయ్యా. నవ్వితే నిప్పు పెట్టుకుంటారు. మీకు బాగా నవ్వొచ్చిందని విన్నాను. వాడంతా తిరిగి నవ్వారట. కానివ్వండి."

దెక్సియాస్ మళ్ళీ పైకి చూడలేదు. ఆమె ఆయన్నే చూస్తోంది. ఆయన ఎటు చూడాలో తెలియక ఇటుకలు కట్టిన తలుపు వైపు చూశాడు. పనివాళ్ళు దిబ్బ నీడలోంచి చూస్తున్నారు.

"మొదట చేసినవి ఉన్నాయా?" అని ఫ్లెబోన్‌ను అడిగాడు.

"ఉన్నాయి."

"అవే పంపెయ్. ఇంక వ్యవధి లేదు."

అంతే అన్నాడు. తప్పయిందని అనలేదు. ఆమెతో ఇంకో మాట మాట్లాడలేదు. గుర్రం ఎక్కి వెళ్ళిపోయాడు. దేవుడి చూరు మీదికి మూసిన నోరు ఎక్కడానికి కారణం అదొక్కటే, వ్యవధి లేకపోవడం. తర్వాత ఎవరైనా వేరేలా చెబితే నమ్మకండి.

ఫ్లెబోన్ మా అత్త ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అయిందిగా? ఇప్పుడు సంతోషమేనా?"

"సంతోషమా?" అందామె. "నా మొహం నాకు మొదటినుంచీ ఉంది ఫ్లెబోనూ. నువ్విచ్చిందేముందని సంతోషం?"

గంప ఎత్తుకుంది. మేము ముగ్గురం ఇంటికి వచ్చాం. ఆ రోజు నుంచి ఆమె ఆవాల దగ్గర రొట్టెలు అమ్మడం మానేసింది. రేవులో ఓడవాళ్ళకు అమ్మేది.

లోపల పేర్చిన ముఖాలు పచ్చివి కాబట్టి ఫ్లెబోన్ వాటిని బయటికి తీయించి, నీళ్ళు పోసి మట్టి చేయించాడు. ఇగ్రోన్ ఆవం మీద ముఖం దించి పెంకుల దిబ్బ మీద పగలగొట్టాడు. నేను చూస్తుండగానే పగలగొట్టాడు. నాకు చూపించాలనే అలా చేశాడనుకుంటా. గూనివాణ్ణి మళ్ళీ ఎక్కించారు. వాళ్ళకు నవ్వు వస్తోందో లేదో నేను అడగలేదు.

మిగతా ఆవాల మీద ఉన్నవి అలాగే ఉన్నాయి.

గుడి కప్పు వేసే రోజు వాడంతా రేవు దారికి వెళ్ళింది. ద్రాక్షసారా పోశారు. ఒనుమోన్ నిచ్చెన ఎక్కి ముఖాలను తన చేత్తోనే చూరుకు కూర్చోబెడతానన్నాడు, వెళ్ళాడు. నేను బట్టలు మార్చుకుని మా అత్త కోసం చూశాను. ఇంట్లో లేదు. రేవులో కూడా ఆ రోజు గంప పెట్టలేదని ఓడవాళ్ళు చెప్పారు. వెనక్కి వచ్చి వాడ పై వరుసకు వెళ్ళాను.

లోక్రిస్ ఆవం ముందు ఉంది. వాడ ఖాళీగా ఉంటుంది కదా అని లోక్రిస్ ఆ రోజే నిప్పు పెట్టుకోవాలని చూశాడు. పళ్ళున్న ముఖం పైన ఉంది. కింద ఆమె నిలబడి ఉంది. లోక్రిస్, అతని తమ్ముడు, ఇద్దరు పనివాళ్ళు ఎదురుగా నిలబడి ఉన్నారు. కాగడా అంటించి ఉంది.

నన్ను చూసి లోక్రిస్‌కు ప్రాణం లేచొచ్చింది. "మిర్తో, వచ్చావా తల్లీ. మీ అత్తని తీసుకుపో. మాకు పనుంది."

"మాకూ పనుంది" అన్నాను. వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను.

ఆమె నా వైపు తిరగలేదు. "గుడి దగ్గర ఎలా ఉందమ్మాయ్? ఎక్కించారా?"

"నేనింకా చూడలేదత్తమ్మా."

"వెళ్ళి చూసి రా మరి."

"తర్వాత చూస్తాలే."

"సరే" అంది. లోక్రిస్ వైపు చూసి గొంతు పెంచింది. "ఊఁ, కానివ్వండిరా. ఎంతసేపు?"